భార్యని గౌరవిస్తే డబ్బొస్తుందని తాల్ముద్‌లో నిజంగానే ఉందా?

గోధుమరంగుకాకి:
ఈ మధ్య ఫోన్ తెరిస్తే చాలు "యూదుల డబ్బు రహస్యాలు" అని వీడియోలే. ఒకదాంట్లో "భార్యని గౌరవించండి, ధనవంతులవుతారు" అని తాల్ముద్ అనే యూదుల పాత మతగ్రంథంలో రాసుందని చెప్పాడు. నాకు పెళ్లి కుదిరింది, ఇద్దరివీ ఉద్యోగాలే, ఎవరి జీతం ఎటు పోవాలో ముందే కూర్చుని మాట్లాడుకుందాం అంటే ఇంట్లోవాళ్లు తాళి కట్టకముందే లెక్కలేంటి అని మొహం చిట్లిస్తున్నారు. ఆ మాట అసలు ఉందా లేక ఎవడైనా అల్లాడా? వాళ్లలో పెళ్లీ డబ్బూ సంగతి ఎలా ఉంటుందో చదివినవాళ్లు ఉంటే చెప్పండి.

లెక్కలమాస్టారు:
ఉందండీ, అల్లింది కాదు. తాల్ముద్‌లో బావా మెత్సియా అనే భాగంలో 59వ పత్రం. నాలుగో శతాబ్దంలో రావా అనే రబ్బీ, అంటే యూదుల మతగురువు, మహోజా ఊరివాళ్లకి చెప్పాడు, ఇప్పటి ఇరాక్‌లో టైగ్రిస్ ఒడ్డున ఉండే వ్యాపారస్తుల ఊరు అది, డబ్బు మాట చెప్తేనే చెవికెక్కుతుందనుకున్నాడేమో మరి. కానీ వీడియోల వాళ్లు ఆ ఒక్క ముక్కే కోసుకొస్తారు, అదే పేజీలో దాని పక్కనే ఉన్నది ఎవడూ చెప్పడు. ఇంట్లో ధాన్యం నిండుకోకుండా చూసుకో, ఇంట్లో గొడవ వచ్చేదే దాని దగ్గర అని రవ్ యెహూదా అనే ఇంకో రబ్బీ అంటాడు. రవ్ పాపా దానికి జనం నోట్లో నలిగే సామెత ఒకటి కలుపుతాడు, కుండలో బార్లీ అయిపోతే తగవు తలుపు తట్టి లోపలికొస్తుందని. ఈ రవ్ పాపా బీరు కాచి బాగా సంపాదించినాయన, గాల్లోంచి చెప్పలేదు. ఇంకోచోట, హుల్లిన్ అనే భాగంలో, తిండీ తాగుడూ తాహతుకి తక్కువగా, బట్టలు తాహతుకి తగ్గట్టు, భార్యాపిల్లల మర్యాద మాత్రం తాహతుకి మించి చూడమని ఉంటుంది. అంటే కోత పెట్టుకోవాల్సి వస్తే మగాడి కంచంలోంచి మొదలు. రహస్యమూ లేదు మంత్రమూ లేదు. అసలు యూదులంటే డబ్బు అనే ఈ వీడియోల గోల పాత ద్వేషంలోంచి పుట్టిందే, అది వేరే కథ.

అరుగుమీదపిల్లి:
తాళి కట్టకముందే లెక్కలేంటి అనేవాళ్లకి కెతుబా చూపించు తమ్ముడూ 😄 వాళ్ల పెళ్లిలో అది లేకుండా కాపురమే చెయ్యకూడదు, అరమాయిక్ భాషలో రాసిన పత్రం, ఇద్దరు సాక్షులు సంతకం పెడతారు, చాలా పెళ్లిళ్లలో పందిట్లోనే పైకి చదువుతారు కూడా. పని చేస్తాను, గౌరవిస్తాను, తిండి పెడతాను, పోషిస్తాను అని మొగుడు ఒప్పుకుంటాడు, విడాకులిచ్చినా తను పోయినా ఆవిడకి ఇంత ఇవ్వాలని అంకె కూడా అందులోనే. తాల్ముద్‌కి పునాది అయిన పాత చట్టాల పుస్తకం మిష్నా ప్రకారం మొదటి పెళ్లి అమ్మాయికి తక్కువలో తక్కువ 200 జూజ్ (అప్పటి వెండి నాణేలు), వితంతువుకి 100. మిష్నాలోనే ఇంకోచోట 200 జూజ్ చేతిలో ఉన్నవాడు పేదల వాటా ధాన్యం తీసుకోకూడదని ఉంది, అంటే ఆ డబ్బుంటే ఆవిడ చెయ్యి చాచక్కర్లేదన్నమాట.

నాకు బాగా నచ్చింది మాత్రం షిమోన్ బెన్ షెతాహ్ అనే పండితుడు చేసిన మార్పు, క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దం. అంతకుముందు ఆ డబ్బు విడిగా తీసి పక్కన పెట్టేవాళ్లంట, దాంతో మొగుడికి కోపం వస్తే చాలు "నీ కెతుబా తీసుకుని పో" అనేవాడు, డబ్బు రెడీగా ఉంది కదా మరి. ఈయన వచ్చి, డబ్బు నీ దగ్గరే ఉంచుకో వ్యాపారంలో తిప్పుకో కానీ నీ ఆస్తి మొత్తం దానికి తనఖా అన్నాడు. ఇప్పటికీ కెతుబాలో భుజం మీదున్న పైబట్ట కూడా హామీ అని రాస్తారు. ఇంక పంపించాలంటే పొలమో సరుకో అమ్మాలి, ఈలోపు కోపం దిగిపోతుంది.

ఉప్పులేనిపప్పు:
అక్కా మరీ అంత మెచ్చుకోకండి. భార్య పుట్టింటి నుంచి తెచ్చుకున్న పొలం ఆవిడదే కానీ దాని మీద పంట మొగుడు తింటాడు. ఆవిడ చేతి సంపాదన కూడా అతనికే. మిష్నాలో భార్య చెయ్యాల్సిన పనుల లిస్టు చదివారా, పిండి విసరడం, రొట్టె కాల్చడం, బట్టలు ఉతకడం, వండడం, పిల్లకి పాలివ్వడం, పక్క వెయ్యడం, ఉన్ని వడకడం. ఒక దాసీని తెచ్చుకుంటే మొదటి మూడూ మాఫీ, ఇద్దరిని తెస్తే వంటా పాలూ కూడా, నలుగురిని తెస్తే కుర్చీలో కూర్చోవచ్చట. అంటే డబ్బున్న పిల్లకో న్యాయం లేని పిల్లకో న్యాయం. పైగా రబ్బీ ఎలియెజర్, వంద మందిని తెచ్చినా ఉన్ని పని చేయించాలి, ఖాళీగా ఉంటే చెడిపోతుంది అంటాడు.

అరుగుమీదపిల్లి:
నిజమే, కాదన్ను. కానీ ఆ సంపాదన ఊరికే పోదు, అతను పెట్టే తిండికి బదులు. ఆవిడ "నీ తిండి వద్దు, నా సంపాదన నీకు ఇవ్వను" అనొచ్చని రవ్ హూనా చెప్పింది తాల్ముద్‌లో కెతుబాల గురించిన కెతుబోత్ భాగంలో ఉంది. మొగుడికి మాత్రం ఆ ఛాన్స్ లేదు, నీ సంపాదన నువ్వు తిను నేను పోషించను అని తనంతట తను అనడానికి వీల్లేదు.

లెక్కలమాస్టారు:
ఇద్దరూ కరెక్టే. ఇజ్రాయెల్‌లో ఇప్పుడు ఆస్తి పంపకానికి 1973లో చేసిన చట్టం ఉంది, కాపురంలో కూడబెట్టింది విడిపోయేటప్పుడు సగం సగం, పెళ్లికి ముందే వేరే ఒప్పందం రాసుకుంటే అది. కెతుబా కూడా రాస్తూనే ఉన్నారు. తమాషా ఏంటంటే బాగా ఛాందస కుటుంబాల్లో చాలామంది మగవాళ్లు రోజంతా తోరా, అంటే మతగ్రంథాలు, చదువుకుంటారు, ఇల్లు గడిచేది భార్య జీతంతో, కానీ కెతుబాలో "పని చేసి పోషిస్తాను" అన్న లైను అలాగే ఉంటుంది 😀

గోధుమరంగుకాకి:
థాంక్స్ అందరికీ, ఇంత ఉందనుకోలేదు. కెతుబా సంగతి ఆ అమ్మాయికి ఫార్వర్డ్ చేశా, పైబట్ట లైను చదివి నవ్వి, సరే గానీ నీ పేరు మీద ఎంత అప్పుందో ముందు చెప్పు అని అడిగింది. చెప్పేశా. తనదీ చెప్పింది, నాకన్నా ఎక్కువే ఉంది.

ఉప్పులేనిపప్పు:
మైమొనిదీస్ అని పన్నెండో శతాబ్దపు యూదు పండితుడైతే ముందు పని, తర్వాత ఇల్లు, ఆ తర్వాతే పెళ్లి, తెలివిలేనివాళ్లే తిరగేసి చేస్తారన్నాడు. నువ్వు ఎక్కడున్నావు బ్రో?

గోధుమరంగుకాకి:
ఒకటికీ మూడుకీ మధ్యలో. రెండోది ఇద్దరం కలిసి లోన్ పెడితే తప్ప రాదు.