కవాట వ్యాధిలో గుండె కండరపు మచ్చను ఎంఆర్‌ఐతో కొలవడం అవసరమా?

ప్రశ్న: పాలకొల్లు నుంచి

మా నాన్నగారికి 66 ఏళ్లు. బృహద్ధమని కవాటం, అంటే అయోర్టిక్ వాల్వు, బాగా ఇరుకైందని ఎకోలో తేలింది. కవాటం వైశాల్యం 0.8 చదరపు సెంటీమీటర్లు, సగటు గ్రేడియంట్ (కవాటానికి ఇరువైపులా ఉండే ఒత్తిడి తేడా) 46, పంపింగ్ 62 శాతం అని రిపోర్టులో ఉంది. ఆయాసం గానీ, ఛాతీ నొప్పి గానీ, కళ్లు తిరగడం గానీ లేవని ఆయన అంటున్నారు. రాజమండ్రిలో చూపిస్తే గుండె ఎంఆర్‌ఐ చేయించమన్నారు. కవాటం సంగతి ఎకోలోనే తెలిసిపోయినప్పుడు ఈ పరీక్ష కొత్తగా చెప్పేదేమిటి? మచ్చ కనబడితే వెంటనే ఆపరేషన్ చేయించవలసిందేనా? ఆయనకు షుగర్ ఉంది, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.4. కాంట్రాస్ట్ ఇంజెక్షన్ గురించి కూడా ఇంట్లో భయపడుతున్నాము.

జవాబు: గుండె వైద్య విభాగం, కాకినాడ

కవాటం ఎంత ఇరుకైందో ఎకో చెబుతుంది. ఆ ఇరుకు వల్ల కండరం ఎంత నష్టపోయిందో ఎంఆర్‌ఐ చెబుతుంది. ఏళ్ల తరబడి ఎదురొత్తిడి మీద రక్తాన్ని నెట్టవలసి రావడంతో ఎడమ జఠరిక గోడ మందమవుతుంది, ఆ మందానికి సరిపడా రక్తం అందక కొన్ని కణాలు చనిపోతాయి, వాటి చోట మచ్చలా పీచు పదార్థం (ఫైబ్రోసిస్) పేరుకుంటుంది. ఒకే గ్రేడియంట్ ఉన్న ఇద్దరిలో ఒకరి కండరం బాగానే ఉండి, మరొకరిది చాలావరకు దెబ్బతిని ఉండవచ్చు. పంపింగ్ 60 దాటినంత మాత్రాన మచ్చ లేదనుకోవడానికి వీల్లేదు.

ఈ పరీక్షలో చూసేది రెండు రకాల నష్టాన్ని. గాడోలినియం అనే కాంట్రాస్ట్ మందు ఇచ్చిన 10–15 నిమిషాల తర్వాత తీసే చిత్రాల్లో ఆరోగ్యంగా ఉన్న కండరం నల్లగానూ, మందు నిలిచిపోయిన మచ్చ తెల్లగానూ కనిపిస్తాయి. కవాట వ్యాధి వల్ల వచ్చే మచ్చ ఎక్కువగా గోడ మధ్య పొరలో ఉంటుంది, గుండెపోటు మచ్చ లోపలి పొర నుంచి మొదలవుతుంది. షుగర్ ఉన్న మీ నాన్నగారి విషయంలో ఈ తేడా తెలియడం కూడా ఉపయోగమే. రెండవది కండరమంతటా పలచగా వ్యాపించిన ఫైబ్రోసిస్. దీన్ని టీ1 మ్యాపింగ్ అనే ఎంఆర్‌ఐ కొలతతో, రక్తపరీక్షలోని హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా) విలువను కలిపి లెక్కగడతారు; కండరంలో కణాల వెలుపలి భాగం మామూలుగా 25 శాతం ప్రాంతంలో ఉంటుంది, ఫైబ్రోసిస్ ఉంటే పెరుగుతుంది. ఉప్పెక్కిన చేను మంచినీరు పెడితే కొన్నేళ్లకు తేరుకుంటుంది గానీ, గోదావరి కోసుకుపోయిన లంకభూమి తిరిగి రాదు. కవాటం మార్చాక వ్యాపించిన ఫైబ్రోసిస్ కొంత తగ్గుతుంది, తెల్లగా కనబడిన మచ్చ మాత్రం అలాగే ఉండిపోతుంది.

బ్రిటన్‌లో 6 కేంద్రాలు కలిసి ఈ కవాటం తీవ్రంగా ఇరుకైన 674 మందిపై జరిపి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, సుమారు సగం మందికి మచ్చ ఉంది. కండరంలో మచ్చ వాటా 1 శాతం పెరిగిన కొద్దీ మరణ ప్రమాదం 11 శాతం చొప్పున ఎక్కువగా కనబడింది. అలాగని మచ్చ కనబడిన వెంటనే ఆపరేషన్ చేస్తే మేలు జరుగుతుందని రుజువు కాలేదు. లక్షణాలు లేకుండా మధ్య పొరలో మచ్చ ఉన్న 224 మందితో ఇవాల్వ్‌డ్ అనే పరిశోధన చేశారు, దాని ఫలితం 2024లో వచ్చింది. మరణం, లేదా ఈ జబ్బు వల్ల అనుకోకుండా ఆసుపత్రిలో చేరడం, ఈ రెండూ కలిపి చూస్తే ముందుగా కవాటం మార్చిన వారిలో 18 శాతం, వేచి చూసిన వారిలో 23 శాతం. ఆ తేడా గణాంకపరంగా నిలవలేదు. కాబట్టి మచ్చ ఒక్కటే నిర్ణయం చేయదు, వయసు, షుగర్, కవాటం ఎంత వేగంగా బిగుస్తున్నదీ, ఇవన్నీ కలిపి చూడాలి.

ఒక్క మాట గట్టిగా చెబుతాను: లక్షణాలు లేవన్న మాటను ముందు సరిచూడండి. ఆయాసం రాకుండా మనిషి తనకు తెలియకుండానే పని తగ్గించుకుంటాడు.

జవాబు: ఎంఆర్‌ఐ టెక్నీషియన్, భీమవరం

క్రియాటినిన్ 1.4 అంటే ఆయన వయసుకు కిడ్నీ వడపోత రేటు సుమారు 55 వస్తుంది. 30 కంటే తక్కువ ఉన్నవారి విషయంలోనే ఈ కాంట్రాస్ట్ మందుకు ప్రత్యేక జాగ్రత్త అవసరం. అయినా ఇటీవలి రిపోర్టు వెంట తీసుకువెళ్లండి. పరీక్షకు ముప్పావు గంట నుంచి గంట వరకు పడుతుంది. మధ్యమధ్య ‘ఊపిరి వదిలి ఆపండి’ అని చెబుతాము. ప్రతిసారీ 10–15 సెకన్లు కదలకుండా ఉండాలి. గాలి పీల్చుకుని ఆపేవారి చిత్రాలు ఒకదానితో ఒకటి సరిపడవు, వదిలి ఆపడాన్ని ఇంట్లో నాలుగుసార్లు చేయించి చూడండి. పేస్‌మేకర్ గానీ, ఒంట్లో మరే లోహపు పరికరం గానీ ఉంటే ముందే చెప్పండి.

ప్రశ్న అడిగినవారు

అమ్మను అడిగాము. నిరుడు దాకా కాలువ గట్టు వెంబడి చేను వరకు నడిచే వెళ్లేవారట. ఇప్పుడు మోపెడ్ మీద వెళ్తున్నారు, గట్టు ఎక్కేటప్పుడు బండి పట్టుకుని కాసేపు నిలబడుతున్నారు. ‘ఎండకు’ అంటారు.

జవాబు: గుండె వైద్య విభాగం, కాకినాడ

ఈ సంగతి మీ వైద్యులకు ఈ వారంలోనే చెప్పండి. అది కవాటం వల్ల వచ్చిన ఆయాసమేనని వైద్యులు నిర్ధారిస్తే, ఎంఆర్‌ఐలో మచ్చ ఉన్నా లేకున్నా కవాటం మార్పిడి అవసరమే. స్కాన్ తేదీ కోసం ఆ నిర్ణయాన్ని ఆపకూడదు. అనుమానంగా ఉంటే వారి సమక్షంలో ట్రెడ్‌మిల్ పరీక్ష చేయిస్తారు. మీ అంతట మీరు ఆయనను వేగంగా నడిపించి చూడవద్దు.

స్కాన్ చేయిస్తే రిపోర్టులో మచ్చ శాతాన్ని ఏ పద్ధతిలో లెక్కించారో రాయమనండి. పద్ధతి మారితే అదే గుండెకు వేరే అంకె వస్తుంది, టీ1 విలువలు యంత్రాన్ని బట్టి కూడా మారతాయి. మళ్లీ ఎప్పుడైనా పోల్చి చూడవలసి వస్తే అదే కేంద్రానికి వెళ్లడం మంచిది.