భూమిని పాడుచేసేవాళ్ళకి దేవుని తీర్పు ఉంటుందా? ప్రకటన 11:18 గురించి

విడవలూరు_కుర్రోడు:
అందరికీ వందనాలు. మాది విడవలూరు దాటినాక సముద్రం వైపు పల్లె. మా పెదనాన్న మాగాణికి ఆనుకోని రొయ్యల గుంటలు తవ్వారు, గుంటల్లోకి ఉప్పునీళ్ళు తోలతారు, పట్టుబడి అయిపోయినాక ఆ నీళ్ళన్నీ అట్టాగే కాలవలోకి వదిలేస్తారు, ఇప్పుడు పెదనాన్న బోరు నీళ్ళు నోట్లో పెట్టుకోలేం, వరి నాటితే ఆకు కొసలు మాడిపోతుండాయి. గుంటలు వేసినాయన మా సంఘంలో మనిషే, ప్రార్థనాపరుడే. బైబిల్ స్టడీలో నేను ప్రకటన 11:18 చదివి "భూమిని నశింపజేయువారిని నశింపజేయుటకును" అని రాసుంది గదా, ఇది మనకి కూడా వర్తిస్తుందా అని అడిగితే ఒక పెద్దాయన 2 పేతురు 3:10 తీసి, భూమి ఎట్టాగూ కాలిపోయేదే అబ్బయ్యా, నువ్వు ఆత్మ సంగతి చూసుకో అన్నాడు. నా మనసు ఒప్పుకోవట్లా. తీర్పు దినాన దేవుడు నేల గురించి నీళ్ళ గురించి కూడా లెక్క అడుగుతాడా అడగడా?
ఇంకోటి. 2021 నవంబర్‌లో పెన్నా పొంగినప్పుడు కొంతమంది ఇది దేవుని శిక్ష అన్నారు. ఏట్లో ఇసక తవ్వుకున్నోళ్ళు ఒకళ్ళు, ఇళ్ళు మునిగినోళ్ళు ఇంకొకళ్ళు. మరి అది తీర్పు ఎట్టా అవుద్ది?

కందుకూరు_టీచరక్క:
తమ్ముడూ, నీ ప్రశ్న చాలా ముఖ్యమైంది, సంఘాల్లో దీన్ని ఎవరూ ముట్టుకోరు. ముందు 2 పేతురు 3 సంగతి చెప్తా. 10వ వచనం దగ్గర ఆగిపోతే ఎట్టా, 11లో ఇవన్నీ లయమైపోతాయి కాబట్టి మీరు ఎంత పరిశుద్ధంగా బతకాలో చూసుకోండి అంటాడు, 13లో నీతి నివసించే కొత్త ఆకాశం కొత్త భూమి కోసం కనిపెట్టుకోనుండమంటాడు. పాడుచేసుకోండి పర్లేదు అని ఎక్కడా లేదు. అదే అధ్యాయంలో నోవహు జలప్రళయం మాట కూడా ఉంది, ఆ ప్రళయంలో దేవుడు ఒక్క మనుషుల్నే కాపాడలేదు గదా, జంతువుల్నీ పక్షుల్నీ ఓడలోకి ఎక్కించాడు, ఆదికాండం 9లో నిబంధన కూడా సమస్త జీవరాశులతో చేశాడు.
అసలు నేల ఎవరిది? కీర్తన 24 మొదటి మాటే భూమి దాని సంపూర్ణత యెహోవావే అని. లేవీయకాండం 25:23లో ఇంకా గట్టిగా ఉంది, భూమి నాది, మీరు నా దగ్గర కాపురమున్న పరదేశులు అంటాడు. మనూళ్ళో కౌలుకి తీసుకున్నోడు చేనుని చౌడు చేసి అప్పజెప్తే ఆసామి ఊరుకుంటాడా? ఏడో ఏడు నేలకి విశ్రాంతి ఇవ్వమన్నాడు, ఇవ్వకపోతే ఏమవుద్దో లేవీ 26లో ముందే చెప్పాడు, చివరికి జనం బబులోనుకి చెరపట్టబడి పోయినాక 70 ఏళ్ళు ఆ దేశం తన విశ్రాంతి దినాల్ని అనుభవించింది అని 2 దినవృత్తాంతాలు 36:21లో ఉంది. ఒక దేశం మీదికి వచ్చిన తీర్పులో నేల బాకీ కూడా లెక్కకి వచ్చిందన్నమాట. ఈ వచనం మీద నేను ఇంతవరకు ఒక్క ప్రసంగం వినలేదు, బాధేస్తది.
యెహెజ్కేలు 34:18 ఒకసారి తీసి చూడు. మంచి మేత మేసింది చాలక మిగతాది కాళ్ళతో తొక్కుతారా, తేట నీళ్ళు తాగింది చాలక మిగతా నీళ్ళు కాళ్ళతో కలకచేస్తారా అని బలిసిన గొర్రెల్ని అడుగుతాడు. 19లో అయితే ఆ తొక్కిన మేతా ఆ కలకనీళ్ళే నా గొర్రెలకి మిగిలినాయి అంటాడు. అందుకని మీ పెదనాన్న బోరు సంగతి దేవుడికి పట్టదని ఎవరు చెప్పినా నమ్మబాక.

ఉప్పుటేరు_ఆక్వా:
అక్కా, నేనూ విశ్వాసినే, కౌలుకి తీసుకోని రొయ్యలు వేస్తా. ఒక మాట చెప్పనీండి. గుంటలు వేసేవాళ్ళందరూ భూమిని నశింపజేసేవాళ్ళు అంటే మా పిల్లలు చర్చిలో తలెత్తుకోలేరు. రొయ్యలకి తెల్లమచ్చ జబ్బు వస్తే గుంట మొత్తం పోద్ది, మేత అప్పు మాత్రం అట్టాగే నిలబడుద్ది, తీరంలో చాలా ఊళ్ళకి ఇదే బతుకుతెరువు. ఆ వచనం అసలు దేవుని ప్రజల్ని హింసించిన రాజ్యాల గురించి అని మా అయ్యగారు చెప్పారు, రైతుకి ఎందుకు తగిలిస్తారు? కాకపోతే వదిలే నీళ్ళు ముందు వేరే గుంటలో నిలవబెట్టి, తేరినాక వదలొచ్చు, దానికి కొంత జాగా పోద్ది, కొంత లాభం తగ్గుద్ది. పక్క చేనోడి కోసం ఆ మాత్రం తగ్గించుకోలేకపోతే ప్రార్థన చేసి ఏం లాభం, అది నేను ఒప్పుకుంటా.

ఒంగోలు_బాప్టిస్ట్:
ఆక్వా అన్నా, మీ అయ్యగారు చెప్పింది నిజమే, అది ఏడో దూత బూర ఊదే సందర్భం, జనాల మీద పడి తిన్న సామ్రాజ్యం గురించే. కానీ అదే గ్రంథం 7:3లో భూమికీ సముద్రానికీ చెట్లకీ హాని చేయొద్దని దూత కేకేస్తాడు, 18వ అధ్యాయంలో బబులోను కూలితే ఏడ్చేది వర్తకులు, వాళ్ళ సరుకుల జాబితాలో బంగారంతో మొదలుపెట్టి చివరికి మనుషుల ప్రాణాలు కూడా ఉన్నాయి. మనిషిని పీల్చేదీ నేలని పీల్చేదీ ఒకటే ఆశ, దాన్ని రెండుగా విడదీయలేం.
వరదల సంగతికొస్తే తమ్ముడూ, మునిగినోళ్ళని పాపులనే హక్కు మనకి లేదు. సిలోయము గోపురం కూలి 18 మంది చనిపోతే వాళ్ళు మిగతావాళ్ళకంటే పాపులనుకుంటున్నారా, కాదు అని యేసే చెప్పాడు, లూకా 13లో. ఆ వెంటనే మీరు మారుమనస్సు పొందండి అని బతికున్నోళ్ళ వైపు తిరిగాడు. నాకు దీంట్లో అర్థమయ్యేది ఏందంటే నష్టపోయినోడి మీద వేలు చూపించే పని మనది కాదు, నష్టం చేసే మన చేతుల్ని ఆపుకునే పని మనది.
మన జిల్లాల చరిత్రే చూడండి. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లాఫ్ దొరగారు దేవుని శిక్ష అని చేతులు కట్టుకోని కూర్చోలేదు, బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో ఒక ముక్క కాంట్రాక్టు తీసుకోని ఆకలితో ఉన్నోళ్ళకి కూలి పని పెట్టాడు. కరువు నడిచేటప్పుడు కూటి కోసం వస్తున్నారేమో అని బాప్తిస్మాలు ఆపేశాడు, తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారు. గుండ్లకమ్మ ఒడ్డున పుట్టిన సంఘాలు మనవి, ఆ ఏటికే ఏం జరిగినా మాకు సంబంధం లేదని ఎట్టా అనగలం?

నెల్లూరు_ఆర్‌సీఎం:
మా కాథలిక్కుల్లో పోప్ ఫ్రాన్సిస్ 2015లో దీని మీదే ఒక పెద్ద లేఖ రాశారు, సృష్టి మీద చేసేది కూడా పాపమే అని దాంట్లో సూటిగా ఉంది. ఇంకో విషయం, రొయ్యల గుంటల కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబర్‌లోనే వ్యవసాయ భూముల్ని గుంటలుగా మార్చొద్దంది, పులికాట్ సరస్సు చుట్టూ వెయ్యి మీటర్ల లోపల వద్దంది, పాడుచేసినోడే నష్టపరిహారం కట్టాలంది. తర్వాత 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది, దాంట్లో రిజిస్ట్రేషన్ తప్పనిసరి. పైనున్న తీర్పు కోసం ఎదురుచూడు, కిందిచ్చిన తీర్పు కూడా చదువుకో తమ్ముడూ.

విడవలూరు_కుర్రోడు:
అందరికీ థ్యాంక్స్. టీచరక్కా, ఆ యెహెజ్కేలు మాటలు పెదనాన్నకి చదివి వినిపించా, ఆయన ఇంకోసారి చదవమన్నాడు. కానీ గుంటలు వేసిన ఆ అన్నతో ఈ మాట ఎట్టా ఎత్తాలో తెలియట్లా, సంఘంలో గొడవ అవుద్దేమో అని భయం.

కందుకూరు_టీచరక్క:
గొడవ కాకుండా మత్తయి 18:15లో దారి ఉంది, ముందు నువ్వూ ఆయనా ఇద్దరే ఉన్నప్పుడు మాట్లాడు, వినకపోతే ఇంకొకరిద్దరిని తీసుకుపో, ఆ తర్వాతే సంఘం. ఆక్వా అన్న చెప్పిన గుంట సంగతి ఆయనకి చెప్పు, రొయ్యలు వేసేవాళ్ళ మాట అయితే వింటాడు. పోయేముందు బోరు నీళ్ళూ చేలో మన్నూ పరీక్ష చేయించి ఆ కాయితం చేతిలో పెట్టుకో, వ్యవసాయ ఆఫీసులో అడిగితే ఎక్కడ చేస్తారో చెప్తారు. పెదనాన్నని ఈ ఏడు వరికి ముందు పచ్చిరొట్ట ఎరువుకి జీలుగ చల్లి కలియదున్నమను, మంచినీళ్ళు దొరికినప్పుడు పెట్టి ఉప్పు కిందికి దిగేట్టు, బయటికి పోయేట్టు చూసుకోమను. ఆ గుంటలాయన ఏమన్నాడో ఇక్కడ రాయి, మేము ప్రార్థన చేస్తుంటాం.