మొదటి తుపాకీగా పాత మిలటరీ రైఫిల్ కొనవచ్చా? కొంటే ఏది?

గుండ్లకమ్మ:

అందరికీ నమస్కారం. నేను ఉండేది డాలస్ పక్కన. ఈ మధ్యే గ్రీన్‌కార్డు వచ్చింది, సొంత తుపాకీ ఇంతవరకు లేదు. స్నేహితుడితో రేంజ్‌కి వెళ్లి అతని ఏఆర్-15 కాల్చాను. బాగానే ఉంది గానీ మనసు దాని మీదకు పోలేదు. కర్ర, ఉక్కు తప్ప ఇంకేమీ లేని పాత బోల్ట్ యాక్షన్ (ప్రతి తూటాకూ చేత్తో బోల్ట్ లాగి తోసేది) సైనిక రైఫిల్ కావాలని ఉంది. మా తాతగారు ప్రకాశం జిల్లాలో కానిస్టేబుల్‌గా చేశారు, ఉద్యోగమంతా భుజాన త్రీనాట్‌త్రీనే. ఆ ఇష్టం అక్కడి నుంచే వచ్చి ఉంటుంది.

బడ్జెట్ తుపాకీకి, తూటాలకు కలిపి వెయ్యి డాలర్లు. మోసిన్ నాగాంట్ 91/30, లీ ఎన్‌ఫీల్డ్ నంబర్ 4, ఇషాపూర్ 2ఏ1, స్విస్ కె31 చూస్తున్నాను. మొదటిసారి కొనేవాడికి ఇవి తగినవేనా? లేక ముందు కొత్త రైఫిల్ ఒకటి కొని చేయి కుదిరాక వీటి జోలికి రావాలా?

ఓరుగల్లు కుర్రాడు:

మోసిన్ తీసుకో అన్నా, ఎక్కువ ఆలోచించకు. 1891లో రష్యా సైన్యంలో చేరిన డిజైన్, రెండు ప్రపంచ యుద్ధాలు చూసింది. బోల్ట్ విప్పి మళ్లీ పెట్టడానికి ఏ పనిముట్టూ అక్కర్లేదు. యుద్ధం అయ్యాక సోవియట్ ఆయుధాగారాల్లో చాలావాటిని బాగుచేసి, గ్రీజు దట్టంగా పూసి దాచారు. అందుకే పైకి గీతలున్నా చాలా రైఫిళ్లు గట్టిగానే ఉంటాయి. రిసీవర్ (బోల్ట్ కదిలే ఉక్కు భాగం) మీద తులా ఫ్యాక్టరీదో ఇజెవ్‌స్క్ ఫ్యాక్టరీదో ముద్ర, పక్కన తయారైన సంవత్సరం కనిపిస్తాయి. 1942 అని ఉన్న తుపాకీ చేతిలోకి వస్తే ఆ అనుభూతే వేరు. మంచులో, బురదలో పనిచేసిన రైఫిల్ నీకు రేంజ్‌లో పనిచేయదా?

పాత ఇనుము:

కుర్రాడు చెప్పిన చరిత్రతో నాకు పేచీ లేదు. ఆ సలహాకు మాత్రం కాలం చెల్లింది. పదిహేనేళ్ల కిందట మోసిన్ వంద డాలర్లలోపు దొరికేది. 440 తూటాలుండే సీలు వేసిన రేకు డబ్బా కూడా చవకే. అప్పుడు మొదటిసారి కొనేవాళ్లకు అందరం అదే చెప్పేవాళ్లం. ఇప్పుడు రైఫిల్ ధర ఎన్నో రెట్లు పెరిగింది. 2021 సెప్టెంబరులో రష్యా తూటాలకు అమెరికా ప్రభుత్వం కొత్త దిగుమతి పర్మిట్లు ఆపేసింది. చవక అన్న కారణం పోయాక, మొదటి తుపాకీగా మోసిన్‌కు మిగిలిన బలం చాలా తక్కువ.

గుండ్లకమ్మ గారూ, నేను చెప్పేది ఒక్కటే. ముందు తూటా ఎంచుకోండి, తర్వాత దాన్ని కాల్చే రైఫిల్ వెతకండి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. ఇష్టపడి రైఫిల్ కొంటారు, తూటాలు దొరక్కో ధర చూసి భయపడో ఏడాదికి ఇరవై రౌండ్లు కూడా కాల్చరు. తుపాకీ అలమరలో ఉండిపోతుంది, మనిషికి కాల్చడం రాదు.

మోసిన్ తూటానే తీసుకోండి, 7.62x54ఆర్. పాత సైనిక సరుకు ఎక్కడైనా దొరికినా రెండు తలనొప్పులున్నాయి. మొదటిది తుప్పు. ఆ ప్రైమర్లలో, అంటే తూటా అడుగున నిప్పు పుట్టించే చిన్న మూతల్లో, పొటాషియం క్లోరేట్ ఉంటుంది. కాలాక అది పొటాషియం క్లోరైడ్ అనే ఉప్పుగా మారి బ్యారెల్ లోపల, బోల్ట్ ముఖం మీద అతుక్కుంటుంది. గాలిలోని తేమను పీల్చుకుని ఉక్కును తినేస్తుంది. ఈ ఉప్పు నూనెలో కరగదు, నీళ్లలోనే కరుగుతుంది. కాబట్టి రేంజ్ నుంచి వచ్చిన రోజే వేడినీళ్లతో కడిగి, బాగా ఆరనిచ్చి, ఆ తర్వాతే నూనె పట్టించాలి. అలసిపోయాం, రేపు చూద్దాం అంటే కుదరదు, హ్యూస్టన్ లాంటి ఉక్కపోత ఊళ్లో అసలే కుదరదు. రెండోది, ఆ బుల్లెట్లలో చాలావాటికి లోపల స్టీలు ఉంటుంది. ఎన్నో రేంజ్‌ల గుమ్మం దగ్గర అయస్కాంతం పెట్టి చూస్తారు, అంటుకుంటే లోపలికి రానివ్వరు. చివరికి కొత్త ఇత్తడి తూటాలే కొనాలి, వాటి ధర ఇక్కడ సులువుగా దొరికే .308 తూటా ధరకు తక్కువేమీ ఉండదు.

లీ ఎన్‌ఫీల్డ్ కాల్చే .303 (త్రీనాట్‌త్రీ) తూటాలు సెర్బియా కంపెనీ ప్రీవీ పార్టిజాన్ ఇప్పటికీ చేస్తోంది, మంచి సరుకు. కె31 కాల్చే స్విస్ 7.5x55 కూడా వాళ్ల దగ్గర ఉంది. కానీ ఈ రెండూ ఆన్‌లైన్‌లో వెతికి తెప్పించుకోవాలి, ఊళ్లో దుకాణంలో ఉంటాయన్న భరోసా లేదు. మీ లిస్టులో సులువుగా దొరికే తూటా ఉన్నది ఒక్క ఇషాపూర్‌కే, .308కి సైనిక రూపమైన 7.62 నాటో. నా ఓటు దానికి, లేదా ఈ లిస్టులో లేని స్వీడిష్ మౌజర్‌కి. దాని 6.5x55 తూటా వేటగాళ్లు ఇప్పటికీ వాడుతున్నది, పెద్దగా తన్నదు. కాకపోతే మంచి స్వీడిష్ మౌజర్ మీ బడ్జెట్‌ను చాలావరకు తినేస్తుంది.

నాగావళి:

నేను వేరే మాట చెబుతాను, గుండ్లకమ్మ గారూ. ఈ నాలుగూ వద్దు, మొదట చిన్న తూటా కాల్చే .22 రైఫిల్ కొనండి. రూగర్ 10/22 గానీ సీజెడ్ బోల్ట్ యాక్షన్ గానీ. మా అమ్మాయికి నేను నేర్పింది .22తోనే.

కారణం ధర ఒక్కటే కాదు. మోసిన్ వెనక ఉక్కు పలక ఉంటుంది, తూటా బలమైనది, పది రౌండ్లకే భుజం కందుతుంది. మొదటిసారి పట్టుకున్నవాళ్లు ఆ దెబ్బకు, చప్పుడుకు భయపడి, ట్రిగ్గర్ నొక్కే క్షణంలో కళ్లు మూసి భుజం బిగించడం మొదలుపెడతారు. ఆ ఉలికిపాటు ఒకసారి అలవాటైతే పోగొట్టడం చాలా కష్టం. పైగా 91/30 వంద గజాల దగ్గర సాధారణంగా గురికి పైన కొడుతుంది. కొత్తవాళ్లకు తప్పు తమదో సైటుదో తెలియదు. .22తో అయితే ఒక మధ్యాహ్నం రెండు వందల రౌండ్లు కాల్చినా జేబుకు నొప్పి ఉండదు, ప్రతి తప్పూ కాగితం మీద కనిపిస్తుంది. చరిత్ర ఎక్కడికీ పోదు, వచ్చే ఏడాదీ ఉంటుంది.

ఓరుగల్లు కుర్రాడు:

నాగావళి గారూ, ఆ లెక్కన వచ్చే ఏడాదికి ధర ఇంకా పెరుగుతుంది. వంద డాలర్ల మోసిన్‌ను తర్వాత చూద్దాం అనుకున్నవాళ్లే ఇప్పుడు బాధపడుతున్నారు. ఇవి కొత్తగా తయారయ్యేవి కావు కదా. భుజానికి ఇరవై డాలర్ల రబ్బరు ప్యాడ్ తొడిగితే సరిపోతుంది. ఇష్టమైన తుపాకీ అయితేనే మనిషి రేంజ్‌కి మళ్లీ మళ్లీ వెళ్తాడు. ఇష్టం లేని .22 కొనిస్తే అదే అలమరలో పడుంటుంది.

టెక్సాస్ తాతయ్య:

బాబూ, ఏది కొనాలన్నది మీరు తేల్చుకోండి. నేను కాగితాల సంగతి చెబుతాను, మనవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది అక్కడే.

గ్రీన్‌కార్డు ఉంటే డీలరు దగ్గర కొనవచ్చు. 4473 ఫారం నింపాలి, అందులో మీ ఏలియన్ నంబరు అడుగుతారు. మీరు ఉంటున్న రాష్ట్రం చిరునామాకు రుజువు చూపాలి, తర్వాత నేర చరిత్ర తనిఖీ జరుగుతుంది. హెచ్1బి, ఎఫ్1 వీసాల మీద ఉన్నవాళ్ల సంగతి వేరు. ఫెడరల్ చట్టం వాళ్లకు కొనడమే కాదు, తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని కూడా నిషేధించింది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవాళ్లలాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. మీ ఇంట్లో వీసా మీద ఉన్న తమ్ముడో మరిదో ఉంటే అలమర తాళంచెవి మీ దగ్గరే ఉండాలి. సందేహం ఉంటే లాయరును అడగండి, స్నేహితులను కాదు.

ఎవరైనా రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికా సైనిక రైఫిల్ ఎం1 గారండ్ సలహా ఇస్తారేమో, అందుకే ముందే చెబుతున్నా. సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రాం, అందరూ సీఎంపీ అంటారు, ఆ రైఫిళ్లు అమ్మేది అమెరికా పౌరులకే. దానితో అనుబంధం ఉన్న క్లబ్బులో సభ్యత్వం కూడా కావాలి. మీకు పౌరసత్వం వచ్చాక అది మంచి దారి. ఈలోగా ఇరవై ఒక్క ఏళ్లు దాటినవాళ్లు టైప్ 03 కలెక్టర్ లైసెన్సు తీసుకోవచ్చు, మూడేళ్లకు 30 డాలర్లు. యాభై ఏళ్లు దాటిన, మార్పులు చేయని తుపాకీలను వేరే రాష్ట్రం నుంచి నేరుగా ఇంటికి తెప్పించుకోవచ్చు. అది సేకరించడానికి మాత్రమే, వ్యాపారానికి కాదు.

ఇంకో మాట. రేంజ్‌కి తీసుకెళ్లే బ్యాగును ఇండియా ప్రయాణానికి ఎప్పుడూ వాడవద్దు. అరలో మరిచిపోయిన ఒక్క తూటా శంషాబాద్ స్కానర్‌లో కనిపిస్తే ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు. మరిచిపోయాను అన్నా కోర్టు మెట్లు ఎక్కక తప్పదు. పెళ్లికి బయల్దేరిన మనిషి పోలీసు స్టేషన్‌లో కూర్చోవాల్సి వస్తుంది. ఆ బ్యాగు వేరే రంగుది కొనండి, సూట్‌కేసుల దగ్గర పెట్టకండి.

మంజీర:

కె31 గురించి ఎవరూ మాట్లాడలేదు. గురి విషయంలో ఈ నాలుగింటిలో దానికి సాటి లేదు. బోల్ట్ హ్యాండిల్‌ను పైకి తిప్పే పని లేదు, నేరుగా వెనక్కి లాగి ముందుకు తోస్తే చాలు. ట్రిగ్గర్ ఎంత శుభ్రంగా విడిపోతుందో చెప్పలేను. స్విట్జర్లాండ్ ప్రపంచ యుద్ధాల్లో పాల్గొనలేదు, అందుకే బ్యారెళ్లు చాలావరకు మెరుస్తూ ఉంటాయి. వాళ్ల జీపీ11 సైనిక తూటా తుప్పు పట్టించేది కాదు. కొన్నింటిలో వెనక పలక విప్పితే అప్పటి సైనికుడి పేరున్న చీటీ దొరుకుతుంది. తూటా ఖరీదే, నిజం. కానీ కొత్తవాడికి అతని తప్పు అతనికి చూపించే రైఫిల్ కావాలన్న నాగావళి గారి వాదన నిజమైతే, ఆ పని కె31 కూడా చేస్తుంది.

గుండ్లకమ్మ:

అందరికీ ధన్యవాదాలు. పాత ఇనుము గారూ, ఇక్కడ ఒక దుకాణంలో ఇషాపూర్ 2ఏ1 ఉంది. బోల్ట్ మీది నంబరు, రిసీవర్ నంబరు కలవడం లేదు. దుకాణదారు .308 హాయిగా కాల్చుకోవచ్చు అంటున్నాడు. ఇంటర్నెట్‌లో కొందరు అది పాత త్రీనాట్‌త్రీ రైఫిల్‌కే బోర్ (బ్యారెల్ రంధ్రం) మార్చి చేసింది, పేలిపోతుంది అంటున్నారు. ఏది నమ్మాలి?

పాత ఇనుము:

బోర్ మార్చి చేసింది అన్నది తప్పు. 1962 చైనా యుద్ధం తర్వాత పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ 7.62 నాటో తూటా కోసం మెరుగైన ఉక్కుతో దీన్ని కొత్తగా తయారు చేసింది. మొదటి రకం 2ఏలో సైటు 2000 మీటర్ల దాకా ఉండేది, 2ఏ1లో దాన్ని 800కు కుదించారు. మ్యాగజైన్‌లో 12 తూటాలు పడతాయి. మీ తాతగారి రైఫిల్ రూపం, మార్కెట్లో దొరికే తూటా, రెండూ ఉన్నది ఇదొక్కటే. ఇండియాలో ఉన్నవాళ్లకు ఇలాంటిది కలలో మాట. సర్వీసు తూటా పౌరుల చేతికి పోకూడదనే అక్కడ ఇదే లీ ఎన్‌ఫీల్డ్ యాక్షన్‌తో .315 స్పోర్టింగ్ రైఫిల్ చేసి అమ్మారు.

అయినా దుకాణదారు మాట మీద కొనవద్దు. నంబరు కలవని బోల్ట్ అంటే ఆ బోల్ట్ ఈ బ్యారెల్‌కు అమర్చింది కాదని అర్థం. నంబర్ 4 రైఫిల్‌కు 0 నుంచి 3 దాకా వేర్వేరు పొడవుల బోల్ట్ తలలు ఉండేవి, మార్చి సరిచేసుకోవచ్చు. 2ఏ1కి ఆ సౌకర్యం లేదు. గన్‌స్మిత్‌తో (తుపాకీలు బాగుచేసే మిస్త్రీ) హెడ్‌స్పేస్ గేజ్ పెట్టించాలి. హెడ్‌స్పేస్ అంటే మూసిన బోల్ట్ ముఖానికి, ఛాంబర్‌లో (తూటా కూర్చునే గది) తూటా ఆనే చోటికి మధ్య దూరం. ఏ గేజ్ వాడుతున్నాడో కూడా అడగండి. .308 ఫీల్డ్ గేజ్ 1.638 అంగుళాలు, నాటోది దాదాపు 1.645. సైనిక ఛాంబర్ ఉద్దేశపూర్వకంగా కొంచెం వదులుగా ఉంటుంది. నాటో ఫీల్డ్ గేజ్ మీద బోల్ట్ మూసుకుంటే బేరం ఆపేయండి.

మంజీర:

దీనిమీద నాది కాస్త భిన్నాభిప్రాయం. గేజ్ పాసైనా నేను దానిలో బలమైన వేట .308 వేయను. యాక్షన్ వెనక భాగంలో లాక్ అయ్యే డిజైన్ అది, మౌజర్‌లా ముందు కాదు. 7.62 నాటో ప్రమాణం తూటాలు, మామూలు 147 గ్రెయిన్ల బుల్లెట్, అంతవరకే. కొత్తవాడికి ఆ తేడా గుర్తుపెట్టుకోవడం కష్టమైతే కె31 మేలు.

పాత ఇనుము:

ఆ జాగ్రత్తకు నేనూ ఒప్పుకుంటాను, డబ్బా మీద చదివి కొంటే సరిపోతుంది.

గుండ్లకమ్మ గారూ, దుకాణానికి వెళ్లేటప్పుడు చిన్న టార్చి పట్టుకెళ్లండి. బోల్ట్ తీయమని అడిగి, బ్యారెల్‌ను మూతి వైపు నుంచి, వెనక నుంచి రెండు వైపులా చూడండి. నల్లగా ఉన్నంత మాత్రాన భయం లేదు, మెలిగీతలు పదునుగా కనిపించాలి. మూతి అంచు గుండ్రంగా, దెబ్బ లేకుండా ఉండాలి. తర్వాత కర్ర చూడండి. ట్రిగ్గర్ గార్డుకు ముందు అడ్డంగా ఒక స్క్రూ ఉంటుంది, అది ఇషాపూర్ వాళ్లు బలం కోసం వేసినదే. రిసీవర్ ఆనుకునే చోట చీలిక ఉంటే మాత్రం వదిలేయండి, కాల్చే కొద్దీ అది పెద్దదవుతుంది. ఎక్కడైనా డీపీ అన్న ముద్ర కనిపిస్తే అది డ్రిల్లు తుపాకీ, కాల్చడానికి పనికిరాదు. బ్యారెల్ లోపల మెలిగీతలు లేకుండా నున్నగా, గొట్టంలా కనిపిస్తే అది కూడా ముట్టుకోకండి. పోలీసుల కోసం .410కు మార్చిన పాత రైఫిళ్లు కూడా ఇషాపూర్ ముద్రతో తిరుగుతున్నాయి.

గుండ్లకమ్మ:

శనివారం దుకాణానికి గన్‌స్మిత్‌ను తీసుకెళ్తున్నాను, నాటో గేజ్ అతని దగ్గర ఉందట. గేజ్ పాసైతే తుపాకీకి ఆరు వందల వరకు ఇస్తాను, మిగతాది తూటాలకు. నాగావళి గారూ, మీ మాట వదల్లేదు. నా స్నేహితుడి దగ్గర .22 ఉంది, మొదటి నెల అతనితో రేంజ్‌కి వెళ్లి దాంతోనే సాధన చేస్తాను.

నాగావళి:

మంచిది. అతనితో కలిసి వెళ్లినప్పుడు మీ మ్యాగజైన్‌లో డమ్మీ తూటాలు ఒకటి రెండు మీకు తెలియకుండా కలిపి పెట్టమనండి. అది పేలనప్పుడు తుపాకీ మూతి కిందికి వంగితే మీకు ఉలికిపాటు ఉన్నట్టే. ఆ వంగడం ఆగేదాకా ఇషాపూర్ బయటకు తీయకండి.