ప్రేమకు హేతువు చూపలేకపోతే ఆ ప్రేమ తప్పవుతుందా?

ప్రశ్న: పానగల్ వాసి, నల్గొండ

నేను నల్గొండలో ఒక జూనియర్ కళాశాలలో గణితం బోధిస్తాను. పీజీలో నా సహాధ్యాయి అయిన మహబూబ్‌నగర్ అబ్బాయిని పెళ్ళి చేసుకోవాలని నిశ్చయించుకున్నాను. ఇంట్లో చెప్పినప్పుడు అమ్మానాన్నలు కోపగించలేదు. కానీ వకీలుగా పనిచేస్తున్న మా అన్న నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, నేను చెప్పిన ఒక్కొక్క కారణమూ ఎందుకు నిలవదో చూపించాడు.

అతడు ఓపిక గలవాడని నేనంటే, "ఓపికమంతుడు గనుక ప్రేమిస్తున్నానంటావు, ప్రేమిస్తున్నావు గనుకనే నీకు ఓపికమంతుడిగా కనిపిస్తున్నాడు, ఇది తిరిగి తిరిగి మొదటికే వచ్చే వాదన" అన్నాడు. ఇన్నేళ్ళ తర్వాత ఎలా విడిపోతానంటే, గడిచిపోయిన కాలం రేపటి నిర్ణయానికి కారణం కాజాలదన్నాడు. చివరగా ఇలా అడిగాడు: "గుణాలు చూసి ప్రేమించానంటున్నావు కదా, అవే గుణాలు ఇంకా ఎక్కువగా ఉన్నవాడు రేపు ఎదురైతే అతణ్ణి ప్రేమించాలి కదా? ప్రేమించనంటే గుణాలు కారణం కానట్టే." దీనికి నా దగ్గర జవాబు లేకపోయింది. అన్న నా మేలు కోరే మాట్లాడాడు, అతడు చూపిన దోషాలు దోషాలే. అయితే వాటి వల్ల నా ప్రేమే దోషమని తేలుతుందా?

జవాబు: విశ్రాంత ఉపాధ్యాయుడు, మహబూబ్‌నగర్

అమ్మా, తేలదు. హేతువు చెడినంత మాత్రాన సాధ్యం, అంటే నిరూపించదలచిన విషయం, అబద్ధం కాదని మన న్యాయశాస్త్రమే, అంటే ప్రాచీన తర్కశాస్త్రమే, చెబుతుంది. అన్నంభట్టు తర్కసంగ్రహమనే గ్రంథంలో హేత్వాభాసాలను, అంటే హేతువుల్లా కనిపించే దోషాలను, ఐదుగా విభజించాడు: సవ్యభిచారం, విరుద్ధం, సత్ప్రతిపక్షం, అసిద్ధం, బాధితం. మొదటిదానికి, అంటే సాధ్యం లేనిచోట కూడా కనిపించే హేతువుకు, శాస్త్రం ఇచ్చే ఉదాహరణ చూడండి. కొండ తెలుసుకోదగిన వస్తువు గనుక దానిమీద నిప్పు ఉందని ఒకడు వాదిస్తే, నిప్పు లేని చెరువు కూడా తెలుసుకోదగినదే గనుక ఆ హేతువు చెల్లదు. వాదం వీగిపోయింది, కానీ కొండమీద నిప్పు ఉండనూ వచ్చు. మీ అన్నగారు మీ వాదాన్ని ఓడించారే గాని, కొండమీద నిప్పు లేదని చూపలేదు.

ఇక ఆయన చివరి ప్రశ్న చాలా లోతైనది. అనుమాన ప్రమాణం, అంటే తెలిసిన గుర్తును బట్టి తెలియనిదాన్ని తేల్చడం, నిలవాలంటే వ్యాప్తి కావాలి. పొగ ఎక్కడెక్కడ ఉంటుందో అక్కడక్కడ నిప్పు ఉంటుందన్న నియమం ముందుగా తెలిసి ఉండాలి. ఈ గుణాలు ఎక్కడెక్కడ ఉంటాయో అక్కడక్కడ నా ప్రేమ ఉంటుందని ప్రేమించినవారెవరూ అనలేరు. అందువల్ల ప్రేమ అనుమానం ద్వారా చేరుకునే నిర్ణయం కాదని నేను భావిస్తాను. గుణాలు పరిచయానికి దారి తీస్తాయి, ఆ తర్వాత ఇద్దరి మధ్య జరిగినవన్నీ కలిసి ఆ మనిషికి బదులుగా మరొకరిని నిలపలేని స్థితిని కల్పిస్తాయి. మీకంటే తెలివైన, నెమ్మదైన అమ్మాయి ఎదురైతే మిమ్మల్ని వదిలి ఆమెను చెల్లెలిగా స్వీకరిస్తారా అని మీ అన్నగారిని అడగండి. స్వీకరించరు. అలాగని చెల్లెలి మీద ఆయనకున్న ప్రేమ అసమంజసమని ఎవరూ అనరు.

జవాబు: మనస్తత్వశాస్త్ర విద్యార్థి, వనపర్తి

మాష్టారు చెప్పినదానికి నేను ఒక భేదం జోడించాలనుకుంటున్నాను. పెట్టిన ఖర్చును చూసి నిర్ణయం తీసుకునే దోషంపై ఆర్కెస్, బ్లూమర్ అనే ఇద్దరు పరిశోధకులు 1985లో ప్రచురించిన ప్రయోగాల్లో ఒకటి నాటకాల సీజన్ టికెట్లకు సంబంధించినది: పూర్తి ధర పెట్టి కొన్నవారు, తక్కువ ధరకు పొందినవారికంటే సీజన్ మొదటి సగంలో ఎక్కువ నాటకాలకు వెళ్ళారు. డబ్బు ఎలాగూ తిరిగి రాదు గనుక అది కారణం కాకూడదన్న మీ అన్నగారి మాట అక్కడ సరైనది. కానీ గడిచిన కాలం ఖర్చుగా లెక్కకు రాకపోయినా సాక్ష్యంగా లెక్కకు వస్తుంది. అతడు ఓడిపోయినప్పుడు ఎలా ఉన్నాడు, మీరు కాదన్నప్పుడు ఏమి చేశాడు అన్నది ఇన్నేళ్ళలో మీరు చూశారు. "ఇంత కాలం పెట్టాను గనుక ఉంటాను" అనడం దోషం. "ఇంత కాలం చూశాను గనుక తెలుసు" అనడం దోషం కాదు.

మన ప్రేమకు కారణమేమిటో మనకే సరిగ్గా తెలియకపోవచ్చునన్నది కూడా నిజం. 1974లో డటన్, ఆరన్ వాంకూవర్ దగ్గరి కాపిలానో వేలాడే వంతెన మీద చేసిన ప్రయోగంలో, ఊగే వంతెన మీద ఒక యువతితో మాట్లాడిన మగవారు, గట్టి వంతెన మీద మాట్లాడినవారికంటే ఎక్కువ సంఖ్యలో తర్వాత ఆమెకు ఫోన్ చేశారు. భయంతో కొట్టుకున్న గుండెను వారు ఆకర్షణగా అర్థం చేసుకున్నారని పరిశోధకుల వివరణ. పైగా కారణం ఒక్కటే ఉండాలన్న నియమమూ లేదు. మీ పానగల్ ఛాయా సోమేశ్వరాలయంలో రోజంతా నిలిచే నీడ కూడా ఏ ఒక్క స్తంభానిదో కాదు కదా.

జవాబు: కుటుంబ తగాదాల్లో సలహాలిచ్చే కార్యకర్త, దేవరకొండ

చెల్లెలా, నేను కొంత విభేదిస్తాను. ప్రేమకు తర్కం వర్తించదన్న మాటను నా పనిలో తరచుగా వింటాను. ఎక్కువగా దెబ్బలు తిని వచ్చినవారి నోట వింటాను. "ప్రేమ ఉంది గనుకనే కొట్టాడు" అంటారు. మాష్టారు పేర్కొన్న విరుద్ధ హేత్వాభాసం అంటే ఇదే, చూపిన హేతువు సాధ్యానికి వ్యతిరేకమైనదాన్ని నిరూపిస్తుంది. "పెళ్ళయ్యాక మారతాడు" అనేవారు ఇంకా ఎక్కువ. ఆకాశంలోని తామర పరిమళిస్తుంది, ఎందుకంటే అది తామర అన్నది అసిద్ధానికి పాత ఉదాహరణ. ఆ తామరే లేదు. రేపు మారబోయే భర్త కూడా అటువంటివాడే, మీరు పెళ్ళాడేది ఇవాళ ఉన్న మనిషిని. ప్రేమ ఎందుకు పుట్టిందో తర్కం చెప్పకపోవచ్చు, కానీ ఎవరితో కాపురం చేయాలన్న నిర్ణయానికి తర్కం తప్పనిసరి. అప్పులు, తాగుడు, కోపం, మీ ఉద్యోగం సాగుతుందా లేదా అన్నవి ముందే స్పష్టంగా అడగండి.

మీ అన్న ఇదే పరీక్షను తాను తెచ్చే సంబంధానికీ పెట్టాలి. సర్కారు కొలువు ఉంది గనుక బాగా చూసుకుంటాడు, హైదరాబాద్‌లో ప్లాటు ఉంది గనుక సుఖపడుతుంది అన్నవి సవ్యభిచారాలే. కొలువూ ప్లాటూ ఉండి భార్యను ఏడిపించేవారి ఇళ్ళకు నేను వెళ్ళాను. ప్రేమ పెళ్ళికి మాత్రమే రుజువులు అడిగి, కుదిర్చిన పెళ్ళికి నమ్మకం సరిపోతుందనడం న్యాయం కాదు.

పానగల్ వాసి

అందరికీ కృతజ్ఞతలు. మా అన్నతో ఈ విషయాలు మాట్లాడాను. చెల్లెలి ప్రశ్నకు చాలాసేపు మౌనంగా ఉండి, అతణ్ణి ఇంటికి పిలవమన్నాడు. అయితే నాకొక సందేహం మిగిలింది. చదువు ముగిశాక మేము ఎక్కువగా ఫోనులోనే మాట్లాడుకున్నాము. వనపర్తి సోదరుడు చెప్పిన సాక్ష్యంలో ఆ కాలమూ చేరుతుందా?

మనస్తత్వశాస్త్ర విద్యార్థి, వనపర్తి

కొంతవరకే చేరుతుందండి. ఫోనులో మనిషి తాను సిద్ధంగా ఉన్నప్పుడే మాట్లాడతాడు. పెళ్ళి తేదీ పెట్టుకునే ముందు కొన్నాళ్ళు వాళ్ళ ఇంటి మనుషుల మధ్య, డబ్బు లెక్కల దగ్గర, అలసి వచ్చిన సాయంత్రాల్లో అతణ్ణి చూడండి. అతడూ మిమ్మల్ని అలాగే చూడాలి. మీ అన్నగారు ఇంటికి పిలిచారు గనుక అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.