చేతి డబ్బుతో కొన్న గాజు ట్యూబులు: సేవా, తప్పా?

పుత్తూరు సిస్టర్:
చిత్తూరు జిల్లాలోని ఒక పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) ఆరేళ్లు స్టాఫ్ నర్సుగా చేసి ఈమధ్యే బదిలీ మీద వచ్చేశాను. ఛార్జి అప్పగించేటప్పుడు జరిగిన ఒక సంగతి మనసులోంచి పోవడం లేదు. మీరే తీర్పు చెప్పండి.

అది వేరుశనగ పండే ప్రాంతం. వానలు మొదలయ్యాయంటే పాముకాటు కేసులు వస్తాయి. చీకట్లో కరిచింది ఏ పామో చాలామంది చూసి ఉండరు. రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి గాజు ట్యూబులో పోసి, 20 నిమిషాలు కదిలించకుండా ఉంచి, ఒక్కసారి వంచి చూస్తాం. గడ్డకట్టి అడుగునే నిలిచిపోతే కొంత ధైర్యం. నీళ్లలా గోడవెంట జారిందంటే పింజర విషం ఒంట్లోకి ఎక్కినట్టే; ఇక ఏఎస్‌వీ, అంటే పాము విషానికి విరుగుడు మందు, మొదలుపెట్టాలి. ఆ 20 నిమిషాలూ బంధువులు గడియారం చూడరు, నా ముఖమే చూస్తారు.

ట్యూబు గాజుదే కావాలి. కొత్తది, పొడిగా ఉన్నది. ప్లాస్టిక్‌లో, సబ్బుతో కడిగిన గాజులో మంచి రక్తం కూడా సరిగ్గా గడ్డకట్టదు. అప్పుడు అక్కర్లేని మనిషికి కూడా మందు ఎక్కించేస్తాం. పైనుంచి సరుకు కోరుతూ పెట్టే ఇండెంటులో రెండుసార్లు రాశాను, రాలేదు. మూడోసారి రాయలేదు. తిరుపతికి వచ్చినప్పుడల్లా సర్జికల్ షాపులో కొని, మందుల బీరువా పై అరలో ఒక పాత స్వీటు డబ్బాలో పెట్టేదాన్ని.

వచ్చేటప్పుడు ఆ డబ్బా కొత్తగా చేరిన అమ్మాయి చేతికిచ్చాను. తీసుకోలేదు. “స్టాక్ రిజిస్టరులో లేని సరుకు నేనెలా తీసుకుంటాను అక్కా? ఎవరైనా అడిగితే ఎక్కడిదని చెప్పాలి? నేను ఇండెంటు పెడతాను” అంది. మర్యాదగానే అంది. అయినా ఆరేళ్ల చాకిరీని గుమ్మం బయట పెట్టినట్టు అనిపించింది. నేను చేసింది తప్పా?

పాకాల రైతు:
తప్పు ఎలా అవుతుందమ్మా? మా నాన్నను చేను గట్టు మీద పింజర కరిచిన రాత్రి మాకు కావలసింది మనిషి, రిజిస్టరు కాదు. మీలాంటి ఒక సిస్టరే ఆయన పక్కన తెల్లవారేదాకా కూర్చుంది. ఆ కొత్త అమ్మాయికి ఇంకా ఒక్క రాత్రి కూడా అనుభవంలోకి రాలేదు. వస్తే తెలుస్తుంది.

పాత ఫార్మసిస్టు:
కోపం తెచ్చుకోకండి సిస్టర్, ఆ అమ్మాయిదే సరైన పద్ధతి. 30 ఏళ్లు మందుల గదిలో కూర్చున్నవాణ్ణి. మూడు నెలలకొకసారి ఇండెంటు పెడతాం. పైవాళ్లు చూసేది గతంలో ఎంత వాడారన్న లెక్క. మీ ఆరేళ్లలో అక్కడ గాజు ట్యూబుల వాడకం ఎంత అని అడిగితే కాగితం చెప్పే సమాధానం సున్నా. మీరు ఒక్కో ట్యూబు కొన్నప్పుడల్లా ఆ సున్నాను ఇంకొంచెం గట్టిపరిచారు. అడగని పీహెచ్‌సీకి అవసరం లేదనే అర్థం.

పాకాల రైతు:
రెండుసార్లు అడిగానని రాశారు కదా సార్. చదివారా?

పాత ఫార్మసిస్టు:
చదివాను. రెండుసార్లు అడిగి ఊరుకోవడం అడగకపోవడం కన్నా చెడ్డది. సద్దుకున్నారని అనుకుంటారు.

కోనేటికట్ట:
ఇంత చర్చ ఎందుకు? తిరుపతిలో దాతలకు కరువా? స్విమ్స్ పెద్దాసుపత్రి టీటీడీ చలవతోనే వచ్చింది. ఎముకల ఆసుపత్రి బర్డ్ ఉంది. 2021లో చిన్నపిల్లల గుండె ఆసుపత్రి కూడా పెట్టారు. ఒక మాట చెబితే చాలు, గాజు ట్యూబులు లారీలో దింపే భక్తులున్నారు.

ట్రెజరీలో పనిచేసినవాణ్ణి:
కోనేటికట్ట గారూ, ఆ లారీని నేను ఇంతవరకు చూడలేదు. దాతలు గది కట్టిస్తారు, యంత్రం ఇస్తారు, ఫ్యాను ఇచ్చి రెక్క మీద తాత పేరు రాయిస్తారు. తప్పు పట్టడం లేదు, పుణ్యమే. కానీ దూది చుట్ట మీదా, గ్లవ్స్ మీదా పేరు రాయడానికి చోటుండదు. పైగా వాడితే అయిపోయేవాటిని నెలనెలా ఇచ్చే ఓపిక దానంలో ఉండదు, బడ్జెట్‌లోనే ఉండాలి.

ఆ బడ్జెట్ సంగతి. 2025 నాటికి ప్రభుత్వాలన్నీ కలిసి ప్రజారోగ్యం మీద జీడీపీలో 2.5 శాతం ఖర్చు చేయాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం రాసుకుంది. 2025 వచ్చింది, పోయింది. మనం అక్కడికి చేరలేదు. రాష్ట్రాలు తమ బడ్జెట్‌లో 8 శాతం ఆరోగ్యానికి ఇవ్వాలని 15వ ఆర్థిక సంఘం చెప్పింది. ఆ మాటా ఎక్కువ చోట్ల కాగితం మీదే ఉంది. డబ్బుకు కటకట వచ్చినప్పుడు జీతాలు ఆపలేరు, ఆపితే ధర్నా. అందుకని సరఫరాదారుల బిల్లులు వెనక్కి పోతాయి. బిల్లు రానివాడు సరుకు పంపడు. సిస్టర్ గారి స్వీటు డబ్బా కథ అక్కడ మొదలవుతుంది.

ఇంకొక మాట, కాస్త చేదుది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకం చూడండి. బకాయిలు పేరుకున్నాయని నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేస్తామంటే పత్రికలో మొదటి పేజీ, మంత్రిగారితో చర్చలు, కొంత విడుదల. పీహెచ్‌సీలో సిస్టర్ ఆపదు. అందుకే వార్తా లేదు, చర్చా లేదు, విడుదలా లేదు.

ఆశా అక్క:
నాలాంటివాళ్లం కూడా ఉన్నాం. మా గౌరవ వేతనం 10 వేలు. అర్ధరాత్రి గర్భిణికి నొప్పులొచ్చి 108 ఆలస్యమైతే ఆటో మాట్లాడేది మేమే, ఒక్కోసారి ఛార్జీ ఇచ్చేదీ మేమే. సభల్లో పెద్దలు మా అంకితభావాన్ని పొగుడుతుంటే నా చెయ్యి దానంతటదే పర్సు మీదికి పోతుంది.

డ్యూటీ డాక్టర్:
ముందు ఒక జాగ్రత్త. రక్తం గడ్డకట్టినంత మాత్రాన ప్రమాదం లేదనుకోకూడదు. కట్లపాము, నాగుపాము విషం నరాల మీద పనిచేస్తుంది. కనురెప్పలు వాలుతున్నాయా, మింగగలుగుతున్నారా చూస్తూ ఉండాలి. సిస్టర్ గారికి తెలుసు, చదివేవారి కోసం రాస్తున్నాను.

అసలు విషయానికి వస్తే, మంచం మీద మనిషి ఉన్నప్పుడు “ఇండెంటు రాలేదు” అని చేతులు కట్టుకోమనే ధైర్యం నాకు లేదు. ఫార్మసిస్టు గారికీ ఉండదనుకుంటాను. కానీ 2021 మే 10 రాత్రి మరిచిపోలేను. తిరుపతి ప్రభుత్వాసుపత్రి రుయాలో ఆక్సిజన్ ఒత్తిడి పడిపోయి, ప్రభుత్వ లెక్క ప్రకారమే 11 మంది పోయారు. సిబ్బంది పరుగులు పెట్టారు. పరుగు పెడితే గొట్టంలో ఒత్తిడి పెరగదు. ట్యూబు చిన్న వస్తువు కాబట్టి సిస్టర్ కొనగలిగారు. అదే అలవాటు పెద్దవాటికీ పాకితే ఎవరు కొంటారు? కొనండి, కానీ కొన్నట్టు రాయండి. ఆసుపత్రి అభివృద్ధి సొసైటీ సమావేశంలో పెట్టి, మినిట్స్‌లో ఎక్కించండి.

కోనేటికట్ట:
అలా రాస్తే ‘ఎవరు కొనమన్నారు’ అని సిస్టర్ మీదికే మెమో వస్తుంది.

డ్యూటీ డాక్టర్:
రావచ్చు. మెమోకు ఇచ్చే జవాబు కూడా ఫైలులో ఉంటుంది కదా.

పుత్తూరు సిస్టర్:
రెండు నెలల తర్వాత రాస్తున్నాను. ఫార్మసిస్టు గారి సున్నా మాట చాలా రోజులు గుచ్చింది. రాత్రి డ్యూటీలో ఎవరికీ కనబడకుండా చేసిన పని పైవాళ్లకు కూడా కనబడదని నేనెప్పుడూ ఆలోచించలేదు. అలాగని కొనకుండా ఉండగలిగేదాన్నా అంటే, లేదు.

ఆ అమ్మాయి నిన్న ఫోను చేసింది. ఇండెంటు పెట్టి, గుర్తుచేస్తూ రెండు లేఖలు రాసి, చివరికి ఎవరినో పట్టుకుని అడిగిందట. “ట్యూబులు వచ్చాయక్కా” అంది. నేను సంతోషించేలోపే, “ప్లాస్టిక్‌వి” అంది. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తనే, “మీ డబ్బా ఇంకా ఉందా?” అని అడిగింది.

పొద్దున్నే బస్సు కండక్టరుకు ఇచ్చి పంపాను. డబ్బాలో చీటీ పెట్టాను: ట్యూబులు 46, విరాళంగా రిజిస్టరులో ఎక్కించు, ప్లాస్టిక్‌వి ఎందుకు పనికిరావో రాసి వెనక్కి పంపు. రాత్రి రిజిస్టరు పేజీ ఫోటో తీసి పంపింది. వచ్చినవి 46, నిల్వ 45 అని ఉంది. ఒకటి అప్పటికే వాడారట.