కారు చార్జింగ్‌కి ఇంట్లో 16 ఆంప్స్ సాకెట్ చాలదా? వాల్ బాక్స్ పెట్టించాల్సిందేనా?

కొత్తబండి:
వచ్చే వారం ఎలక్ట్రిక్ కారు ఇంటికొస్తోంది. బ్యాటరీ 40 యూనిట్లది. మామూలు ప్లగ్‌లో పెట్టుకునే పోర్టబుల్ చార్జర్ కారుతోనే ఇస్తున్నారు. అయినా 7.4 కిలోవాట్ల వాల్ బాక్స్, అంటే గోడకి బిగించే చార్జర్, కూడా పెట్టించుకోమని షోరూమ్ వాళ్లు ఒకటే పోరు. పార్కింగ్‌లో 16 ఆంప్స్ సాకెట్ ఇప్పటికే ఉంది. నేను రోజుకి 40 కిలోమీటర్లు తిరుగుతాను, అంతే. ఇంట్లో ఒకరు ఆ సాకెట్ చాలంటారు, ఇంకొకరు కొంప తగలబడుతుందంటారు. మీరేమంటారు?

నిదానమే మేలు:
చాలు. కారు కిలోమీటరుకి సుమారు 150 వాట్ అవర్లు తింటుంది అనుకుందాం. 40 కిలోమీటర్లకి 6 యూనిట్లు. చార్జింగ్‌లో వృథా అయ్యేది కలుపుకుంటే 7. పోర్టబుల్ చార్జర్ 15 ఆంప్స్ లాగితే 230 వోల్టుల దగ్గర దాదాపు 3.4 కిలోవాట్లు వస్తుంది. అంటే రెండు గంటల పని. రాత్రి పదికి పెడితే పన్నెండుకల్లా అయిపోతుంది, తెల్లారేదాకా కారు ఊరికే నిలబడి ఉంటుంది. దాన్ని గంటలో ముగించి ఏం చేస్తారు, నిద్ర లేచి వెళ్లి చూస్తారా? నేను మూడేళ్లుగా సాకెట్‌తోనే లాగిస్తున్నాను. పైగా మెల్లగా ఎక్కిస్తే బ్యాటరీకీ మంచిది.

తీగల మేస్త్రి:
లెక్క బాగుంది సార్, అందులో సాకెట్ ఒక్కటే లేదు. గీజర్ కాసేపు నడిచి ఆగిపోతుంది. కారు ఖాళీగా ఇంటికొచ్చిన రోజున అదే సాకెట్ 15 ఆంప్స్‌ని పన్నెండు గంటలకి పైగా ఆగకుండా మోయాలి. లోపల ఒక స్క్రూ వదులై అక్కడ 0.1 ఓమ్ నిరోధం వచ్చిందనుకోండి. 15 ఇంటూ 15 ఇంటూ 0.1, అంటే 22 వాట్ల వేడి. చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లుంటుంది. దాన్ని గోడలో ఆన్ చేసి పెట్టి మీరు పడుకున్నట్టే. కరెంటు హద్దు దాటితే లైను ఆపేసే స్విచ్చు, అదే ఎంసీబీ, దీన్ని పట్టుకోదు, ఎందుకంటే దాని దృష్టిలో పారుతున్నది 15 ఆంప్సే.

ఈమధ్య ఇలాంటిదే ఒకటి విప్పాను. ఫేజ్ వైపు ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగింది. వైరు తొడుగు అంగుళం మేర గట్టిపడిపోయి, గోటితో గీకితే పెచ్చులుగా రాలింది. వారం రోజులుగా ఎక్కడో చేపలు కుళ్లిన వాసన వస్తోందని ఆ ఇంటాయన వంటగది అంతా వెతికాడట.

నిదానమే మేలు:
అది నాసిరకం సాకెట్ తప్పు, పద్ధతి తప్పు కాదు. మీ సూత్రం ప్రకారమే 32 ఆంప్స్ దగ్గర అదే వదులు స్క్రూ 100 వాట్లు దాటుతుంది కదా. అప్పుడు వాల్ బాక్స్ ఇంకా ప్రమాదం!

తీగల మేస్త్రి:
నిజమే, కాదనను. అందుకే వాల్ బాక్స్‌ని ప్లగ్‌లో గుచ్చకుండా వైరుని నేరుగా టెర్మినల్‌లో బిగిస్తారు. మీటరు బోర్డు నుంచి దానికంటూ విడి లైను, 6 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 40 ఆంప్స్ ఎంసీబీ. దూరం బాగా ఎక్కువైతే 10 చదరపు మిల్లీమీటర్లది. ఉన్న లైనుకే వాల్ బాక్స్ తగిలించే మహానుభావులూ ఉన్నారు. అలాంటి పనికి మీరన్నట్టు సాకెట్టే నయం.

లోపలి చార్జర్:
అసలు సంగతి ఎవరూ అడగలేదు. మీ కారులో ఆన్‌బోర్డ్ చార్జర్ ఎంతది? గోడకుండే డబ్బాని చార్జర్ అంటున్నాం గానీ, అది కారుతో మాట్లాడి కరెంటు వదిలే తెలివైన స్విచ్చు మాత్రమే. ఏసీని డీసీగా మార్చే యంత్రం కారులోనే ఉంటుంది. అది 3.3 కిలోవాట్లదైతే గోడకి 7.4 పెట్టినా, 22 పెట్టినా ఎక్కేది 3.3 మాత్రమే.

నిదానం గారూ, బ్యాటరీ మాట మాత్రం ఒప్పుకోను. 40 యూనిట్ల బ్యాటరీకి 7 కిలోవాట్లంటే గంటకి ఐదో వంతు కూడా కాదు, దానికది లెక్కే కాదు. రోడ్డు మీద 50, 100 కిలోవాట్ల డీసీ ఫాస్ట్ చార్జింగ్ కథ వేరు. ఇంకోటి, చార్జింగ్ జరిగినంతసేపూ కారులోని ఎలక్ట్రానిక్స్ మేలుకుని తమ వాటా తాము తింటాయి. ఎంత మెల్లగా ఎక్కిస్తే అంతసేపు తింటాయి.

ఒంటిమీటరు:
నా అనుభవం చెప్తాను, నవ్వుకోండి. ముచ్చటపడి 7.4 పెట్టించాను. గీజరూ, నీళ్ల మోటారూ, కారూ ఒకేసారి ఆన్ అయ్యేసరికి మొదటి వారంలోనే రెండుసార్లు మెయిన్ పడిపోయింది. ఇంటి లోడు చూసి కారుకిచ్చే కరెంటుని తనే తగ్గించుకునే రకం కూడా ఉంటుందని ఆ తర్వాత తెలిసింది. నాది ఆ రకం కాదు. దాంతో 16 ఆంప్స్‌కి తగ్గించి వాడుకుంటున్నాను. వాల్ బాక్స్ డబ్బులు పోసి సాకెట్ వేగం కొనుక్కున్నానన్నమాట.

కొత్తబండి:
నా కారులోని ఆన్‌బోర్డ్ చార్జర్ 7.2 కిలోవాట్లదట, బ్రోచర్‌లో చూశాను. ఇంకో డౌటు. మా ఫ్రెండ్ పోర్టబుల్ చార్జర్‌లో ఎర్ర లైటు వెలిగి ఎర్త్ ఫాల్ట్ అని చూపించిందట. ఎలక్ట్రీషియన్ సాకెట్‌లో న్యూట్రల్‌నీ ఎర్త్‌నీ చిన్న వైరుతో కలిపేస్తే వెంటనే పచ్చ లైటు వచ్చిందట. అవసరమైతే మనమూ అలా చేయొచ్చా?

తీగల మేస్త్రి:
వద్దు బాబూ, చచ్చినా ఆ పని చేయొద్దు. ఎర్త్ సరిగా లేదని చార్జర్ చెప్తుంటే మనం దాని నోరు మూయిస్తున్నాం. కారు బాడీ ఎర్త్ తీగకే కలిసి ఉంటుంది. రేపు పైన ఎక్కడో న్యూట్రల్ తెగిందా, లేక ఎవరైనా ఫేజూ న్యూట్రలూ తారుమారు చేశారా, బాడీ మొత్తానికి కరెంటు వచ్చేస్తుంది. కారేమో రబ్బరు టైర్ల మీద ఉంది. తడి నేల మీద నిలబడి డోర్ పట్టుకున్న మనిషే అప్పుడు ఎర్త్. మీ ఫ్రెండ్‌ని ఇవాళే అది తీయించమనండి.

అలాగే 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్చు, తప్పనిసరి. కారు వైపు నుంచి డీసీ లీకేజీ వస్తే పాత ‘AC’ టైపుది మొద్దుబారి, అవసరమైనప్పుడు పడకపోవచ్చు. 6 మిల్లీ ఆంప్స్ డీసీ లీకేజీని పట్టుకునే ఏర్పాటు మీ చార్జర్‌లోనే ఉందో లేదో చూడండి. ఉంటే ‘A’ టైపు ఆర్‌సీసీబీ సరిపోతుంది, లేకపోతే ‘B’ టైపు కావాలి.

కొత్తబండి:
ఇవాళ మెయిన్ ఆపించి సాకెట్ విప్పించాను. లోపల 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరే. పైగా అదే లైను మీద వాషింగ్ మెషీన్ కూడా ఉంది! ఈ సాకెట్‌ని కారుకి వాడను. కొత్త ఎర్త్ వేయించి, 6 చదరపు మిల్లీమీటర్ల విడి లైను లాగిస్తున్నాను. ప్రస్తుతానికి దానికి మంచి కొత్త సాకెట్ పెట్టిస్తాను. వాల్ బాక్స్ సంగతి ఆరు నెలలు చూసి ఆలోచిస్తాను.

నిదానమే మేలు:
మొదటి రోజే చెప్పాను, సాకెట్ చాలని.

తీగల మేస్త్రి:
ఎర్తూ, విడి లైనూ అన్నీ వేయించాక ఇక చాలంటే ఎలా సార్? వాల్ బాక్స్ పనిలో సగం అయిపోయింది.

కొత్తబండి గారూ, ఎంసీబీ మాత్రం సాకెట్‌కి తగ్గట్టు 16 ఆంప్స్‌దే పెట్టించండి. చార్జర్‌లో వీలుంటే 13 ఆంప్స్‌కి తగ్గించండి. మొదటి రాత్రి గంట గడిచాక ప్లగ్ మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. చెయ్యి నిలవనంత వేడిగా ఉంటే అక్కడికక్కడే ఆపేసి నాకు రాయండి.