ఇంటి కంప్యూటర్‌కు యాంటీవైరస్ డబ్బు పెట్టి కొనాలా?

ప్రశ్న:

నేను తెనాలిలో ఉంటున్న విశ్రాంత ఉపాధ్యాయుడిని. మా ఇంట్లో విండోస్ 10తో నడిచే పాత డెస్క్‌టాప్ ఒకటి ఉంది. ర్యామ్ 4 జీబీ మాత్రమే. పింఛను కాగితాలు, బ్యాంకు లావాదేవీలు, కుటుంబ ఫోటోలు, మనవరాలి ప్రాజెక్టు పనులు అన్నీ అందులోనే ఉన్నాయి. ఇటీవల జిరాక్స్ దుకాణంలో ప్రింటు తీయించుకొని వచ్చిన తరువాత పెన్‌డ్రైవ్ తెరిచి చూస్తే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోయి కనిపించాయి. కంప్యూటర్ బాగుచేసే అబ్బాయి మూడేళ్లకు సరిపడే యాంటీవైరస్ కొనమంటున్నాడు. విండోస్‌తో వచ్చినదే చాలని మా అల్లుడు అంటున్నాడు. ఎవరి మాట వినాలి? కొనవలసి వస్తే ఏమేమి చూసుకొని కొనాలి?

సమాధానం:

మాస్టారూ, మీ అల్లుడుగారి మాటలోనే ఎక్కువ నిజం ఉంది, అయితే అది కొన్ని షరతులతో కూడిన నిజం. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుండి డిఫెండర్ అనే పూర్తిస్థాయి యాంటీవైరస్ విండోస్‌లోనే భాగంగా వస్తోంది. తొలి రోజుల్లో దానికి అంత మంచి పేరు లేకపోయినా, కొన్నేళ్లుగా జర్మనీలోని ఏవీ-టెస్ట్, ఆస్ట్రియాలోని ఏవీ-కంపారెటివ్స్ వంటి స్వతంత్ర పరీక్షా సంస్థల నివేదికలలో వైరస్‌లను అడ్డుకునే విషయంలో అది డబ్బు పెట్టి కొనే ఉత్పత్తుల సరసన నిలుస్తోంది. కాబట్టి డబ్బు ఖర్చు చేసే ముందు, మీ దగ్గర ఇప్పటికే ఉన్నది సరిగా పనిచేస్తున్నదో లేదో చూడండి.

స్టార్ట్ మెనూలో విండోస్ సెక్యూరిటీ అని వెతికి తెరిచి, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్ అనే భాగంలోకి వెళ్లండి. రియల్-టైమ్ ప్రొటెక్షన్, ట్యాంపర్ ప్రొటెక్షన్ రెండూ ఆన్‌లో ఉండాలి, చివరిసారి అప్‌డేట్ అయిన తేదీ కూడా నిన్నటిదో ఇవాళ్టిదో అయి ఉండాలి. అక్కడే అడుగున రాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్‌ల నుండి రక్షణ) కింద కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ అనే సదుపాయం ఉంటుంది. మామూలుగా అది ఆఫ్‌లోనే ఉంటుంది కనుక మనమే ఆన్ చేసుకోవాలి. అలా చేస్తే గుర్తు తెలియని ప్రోగ్రాములు మీ డాక్యుమెంట్లను, ఫోటోలను మార్చలేవు. అప్పుడప్పుడు మంచి ప్రోగ్రామును కూడా అది ఆపుతుంది, అప్పుడు ఆ ఒక్కదానికి అనుమతి ఇస్తే సరిపోతుంది.

ఆ అబ్బాయి ఇంతకు ముందే ఏదైనా యాంటీవైరస్ ట్రయల్ వేసి వెళ్లాడేమో కూడా చూడండి. వేరే యాంటీవైరస్ వేసినప్పుడు డిఫెండర్ తనంతట తానే తప్పుకుంటుంది. ట్రయల్ గడువు ముగిసినది తొలగించకుండా అలాగే ఉంచితే కంప్యూటర్‌కు ఏ కాపలా ఉన్నదో ఎవరికీ స్పష్టంగా తెలియని స్థితి ఏర్పడుతుంది. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవన్నట్టే ఒకే కంప్యూటర్‌లో రెండు యాంటీవైరస్‌లు ఏకకాలంలో సరిగా పనిచేయవు. ఒకదాని పనిని మరొకటి అనుమానించి అడ్డుకుంటూ యంత్రాన్ని నెమ్మదింపజేస్తాయి.

మరో సభ్యురాలు:

పెన్‌డ్రైవ్ సంగతి నేను చెబుతాను, ఎందుకంటే మా నెట్ సెంటర్‌కు వచ్చేవారిలో చాలామందికి ఇదే సమస్య. మాస్టారూ, మీ ఫైళ్లు చాలావరకు పోలేదు. ఆ వైరస్ అసలు ఫోల్డర్లను దాచిపెట్టి, వాటి పేర్లతోనే షార్ట్‌కట్లను సృష్టిస్తుంది. షార్ట్‌కట్‌ను నొక్కినప్పుడు ఫోల్డర్ తెరుచుకుంటుంది, దానితోపాటు వైరస్ కూడా నడుస్తుంది. అందుకని దయచేసి వాటిలో దేనినీ నొక్కవద్దు. పెన్‌డ్రైవ్ మీద కుడి బటన్ నొక్కి, డిఫెండర్‌తో స్కాన్ చేయించి, దొరికినవాటిని తొలగించండి. ఆ తరువాత ఫోల్డర్ ఆప్షన్స్‌లో దాగిన ఫైళ్లను చూపించమని ఎంచుకొని, ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైళ్లను దాచమనే గుర్తును కూడా తీసివేస్తే మీ అసలు ఫోల్డర్లు బయటికి వస్తాయి. వాటిని కంప్యూటర్‌లోకి కాపీ చేసుకొని, పెన్‌డ్రైవ్‌ను ఫార్మాట్ చేయడం మంచిది.

ఒకవేళ మీరు ఇప్పటికే ఏదైనా షార్ట్‌కట్‌ను నొక్కి ఉంటే, విండోస్ సెక్యూరిటీలో స్కాన్ ఆప్షన్స్ తెరిచి ఆఫ్‌లైన్ స్కాన్‌ను ఎంచుకోండి. కంప్యూటర్ ఒకసారి ఆగి, విండోస్ పూర్తిగా మొదలుకాక ముందే స్కాన్ జరుగుతుంది కాబట్టి, దాగి ఉన్నవి తప్పించుకోవడం కష్టం. భారత ప్రభుత్వం 2017లో ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్ర వెబ్‌సైటులో వైరస్‌లను తొలగించే ఉచిత సాధనాలు కూడా దొరుకుతాయి. ఇక మీదట దుకాణంలో ప్రింటు కావలసినప్పుడు కేవలం ఆ ఒక్క ఫైలు ఉన్న వేరే పెన్‌డ్రైవ్ తీసుకువెళ్లండి. పింఛను కాగితాలన్నీ ఉన్నదానిని ఎవరి కంప్యూటర్‌కూ తగిలించకండి.

ప్రశ్న అడిగినవారు:

మీరు చెప్పినట్టే చేయగా ఫోల్డర్లన్నీ దొరికాయి, మీకు కృతజ్ఞతలు. మరొక సందేహం. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసిందని, మంచి యాంటీవైరస్ కొంటే దానితో ఇంకొన్నేళ్లు నెట్టుకురావచ్చని ఆ అబ్బాయి అంటున్నాడు. అది నిజమేనా?

సమాధానం:

ఈ మాట మాత్రం నమ్మవద్దు. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసింది. డిఫెండర్‌కు వైరస్ గుర్తింపు సమాచారం 2028 అక్టోబర్ వరకు ఇస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పినా, విండోస్‌లోనే ఉన్న లోపాలను సరిచేయడం వేరే పని. వచ్చిన వైరస్‌ను యాంటీవైరస్ గుర్తిస్తుంది, అది లోపలికి వచ్చే దారిని మూసేది విండోస్ అప్‌డేట్. 2017 మే నెలలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతటా కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగినప్పుడు, మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. అది వాడుకున్న లోపానికి మరమ్మతును మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలో విడుదల చేసింది. దానిని వేసుకున్న యంత్రాల్లోకి ఆ దారిన అది చొరబడలేకపోయింది.

కాబట్టి మీరు మొదట చేయవలసింది సెట్టింగ్స్‌లోని అప్‌డేట్ పేజీకి వెళ్లి ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్‌లో నమోదు కావడం. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి, మీ సెట్టింగ్‌లను అందులో భద్రపరచడానికి ఒప్పుకుంటే ఇది ఉచితం. విండోస్ 10లో 22హెచ్2 అనే చివరి సంచిక ఉండాలి. ఇది 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా మరమ్మతులు ఇస్తుంది. ఆ లోపు మీ యంత్రం విండోస్ 11కు తగునో కాదో చూసుకోండి. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేని పాత యంత్రాలు, మైక్రోసాఫ్ట్ జాబితాలో లేని పాత ప్రాసెసర్లు ఉన్నవి తగవు. అటువంటప్పుడు మూడేళ్ల యాంటీవైరస్‌కు పెట్టే డబ్బును కొత్త కంప్యూటర్‌కు దాచుకోవడమే నా అభిప్రాయంలో సరైన నిర్ణయం.

డాలస్ నుండి ఒక సభ్యురాలు:

కరీంనగర్‌లో ఉన్న మా అమ్మానాన్నల ల్యాప్‌టాప్‌లో, యాంటీవైరస్ గడువు ముగిసిందని, వెంటనే పునరుద్ధరించమని తెర మీద మాటిమాటికీ పాప్-అప్ కిటికీలు వస్తున్నాయి. ఒక పెద్ద కంపెనీ పేరు, బొమ్మ కూడా కనిపిస్తున్నాయి. వారు అసలు ఆ యాంటీవైరస్ వాడటమే లేదు.

సమాధానం:

అమ్మా, అవి చాలావరకు బ్రౌజర్ నోటిఫికేషన్లు. ఏదో ఒక వెబ్‌సైటు అడిగినప్పుడు అనుమతించు అని నొక్కి ఉంటారు. బ్రౌజర్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్లు అనే భాగానికి వెళ్లి, గుర్తు తెలియని సైట్ల పేర్లన్నీ తొలగించండి. కిటికీలు ఆగిపోతాయి. కంప్యూటర్‌కు వైరస్ వచ్చిందంటూ ఫోన్ నంబరు చూపించే పేజీ ఏదైనా సరే మోసమేనని, ఎవరు చెప్పినా దూరం నుండి కంప్యూటర్‌ను నడిపించే ఎనీడెస్క్ వంటివి వేసుకొని కంప్యూటర్‌ను అప్పగించవద్దని అమ్మానాన్నలకు గట్టిగా చెప్పండి. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయమనండి.

ప్రశ్న అడిగినవారు:

అన్నీ విన్నాక కూడా, మనవరాలు ఏదో ఒకటి డౌన్‌లోడ్ చేస్తూనే ఉంటుంది కనుక, కొనాలనే అనిపిస్తే?

సమాధానం:

కొనవచ్చు మాస్టారూ, అది తప్పేమీ కాదు. కానీ ముందు మనవరాలికి అడ్మినిస్ట్రేటర్ హక్కులు లేని వేరే ఖాతా తెరవండి. డౌన్‌లోడ్ అయ్యే ఆటలు, పగలగొట్టిన (క్రాక్ చేసిన) సాఫ్ట్‌వేర్ వేసుకునేటప్పుడు తరచూ యాంటీవైరస్‌ను ఆపమని అడుగుతాయి. వేరే ఖాతా ఉంటే మీ పాస్‌వర్డ్ లేకుండా ఆ పని జరగదు.

కొనేటప్పుడు ఏవీ-టెస్ట్ వారి తాజా నివేదిక చూడండి. రక్షణ, వేగం, వాడకంలో ఇబ్బంది లేకపోవడం అనే మూడింటికి ఆరేసి మార్కులు, మొత్తం 18 ఇస్తారు. మీ యంత్రానికి ర్యామ్ తక్కువ కాబట్టి వేగం మార్కును ప్రత్యేకంగా చూడాలి. పుణెకు చెందిన క్విక్ హీల్, చెన్నైకి చెందిన కే7 వంటివి మన దేశపు సంస్థలే, వాటిని కూడా ఇదే కొలతతో తూచండి. పూర్తిగా ఉచితమని వచ్చేవాటి గోప్యతా నిబంధనలు చదవండి. అవాస్ట్ వాడుకరుల బ్రౌజింగ్ సమాచారాన్ని అమ్మిందన్న ఆరోపణపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024లో 1.65 కోట్ల డాలర్లు చెల్లించమన్నది. మూడేళ్లది కాకుండా ఒక ఏడాదిదే తీసుకోండి. మొదటి ఏడాది ధర కాదు, రెండో ఏడాది పునరుద్ధరణ ధర ఎంతో అడిగి తెలుసుకోండి, ఆటో-రెన్యూవల్‌ను కొన్న రోజే ఆపివేయండి. పింఛను కాగితాల, ఫోటోల నకలును ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లో తీసి, పని అయ్యాక దానిని కంప్యూటర్ నుండి విడదీసి బీరువాలో పెట్టండి, ఎందుకంటే తగిలించి ఉంచిన డిస్క్‌కు కూడా రాన్సమ్‌వేర్ తాళం వేయగలదు.